ఏనుగెక్కినా విరగదట... మరి వంగితే? తడిస్తే?

"అన్నా, అక్వేరియం కొంటున్నా. స్టాండ్ ఏది బెస్ట్?" ఈ మెసేజ్ నాకు తరచూ వస్తుంటుంది. ఆఫీసు ఫ్రెండ్స్ అడుగుతారు, మా ఎంకపల్లి తమ్ముళ్లూ అడుగుతారు. ట్యాంక్ గురించి, ఫిల్టర్ గురించి, చేపల గురించి వారాల తరబడి వీడియోలు చూస్తారు. స్టాండ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇంట్లో పాత టీవీ టేబుల్ ఉంది కదా, నడవదా?" అంటారు.

ఈ వారం ఆ టీవీ టేబుల్ సంగతే మాట్లాడుకుందాం. ఇది ఇల్లు తడిసే విషయం, కరెంటు విషయం, పిల్లలు తిరిగే చోట గాజు పెట్టే విషయం. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క

చాలామంది హాల్లో పెట్టుకునే సైజు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకి 28.3 లీటర్లు వేసుకుంటే 255 లీటర్లు. లీటరు నీళ్లు అంటే కిలో బరువు. దీనికి 10 ఎంఎం గాజు సుమారు 50 కిలోలు, అడుగున రెండంగుళాల గులకరాళ్లు ఒక 40 కిలోలు కలపండి. అంచు దాకా నింపం కాబట్టి కొంచెం తీసేసినా, మొత్తం అటూ ఇటుగా 350 కిలోలు.

అంటే 70 కిలోల మనుషులు ఐదుగురు ఒకే బల్ల మీద నిలబడ్డట్టు. కాసేపు కాదు. రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి, దిగకుండా.

చిన్నది, అంటే 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంక్ అయినా నీళ్లూ రాళ్లూ కలిపి 80 కిలోలకి దగ్గర పడుతుంది. మీ 43 ఇంచుల టీవీ ఎంత ఉంటుంది? పది కిలోలు ఉంటే ఎక్కువ. టీవీ టేబుల్‌ని ఆ పది కిలోల కోసమే చేశారు.

ఇంకో లెక్క. ఆ 250 లీటర్లు ఒకేసారి నేల మీదికి వస్తే 10 బై 12 హాల్లో రెండు సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలుస్తాయి. సోఫా కాళ్లు, మంచం కాళ్లు, నేల మీద పడున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ అన్నీ అందులోనే. ఫ్లాట్ అయితే కింది వాళ్ల సీలింగ్ కూడా.

విరగడం వేరు, వంగడం వేరు

స్టాండ్ చేయించడానికి ఏ వెల్డింగ్ షాపుకి వెళ్లినా వినబడే మాట ఒకటుంది. "ఏం గాదు తమ్మీ, ఏనుగెక్కినా ఇరగది!" ఆయన అబద్ధం చెప్పట్లేదు. గేట్లు, గ్రిల్స్, ట్రాలీలు చేసే మనిషికి బలం అంటే విరగకపోవడమే. గేటు రెండు ఎంఎం వంగితే ఎవరికీ నష్టం లేదు.

అక్వేరియం అలా కాదు. గాజు వంగదు, పగులుతుంది. కింద స్టాండ్ మధ్యలో కాస్త కిందికి జారినా, ఒక మూల కాస్త లేచినా, ఆ తేడా అంతా గాజు మీద, మూలల్లో ఉన్న సిలికాన్ అతుకు మీద పడుతుంది. ముందు సన్నగా కారడం మొదలవుతుంది. ఒక్కోసారి ఆ హెచ్చరిక కూడా ఉండదు.

అందుకే ఏ మెటీరియల్ చూసినా రెండే ప్రశ్నలు అడగండి. ఒకటి, బరువు పెడితే ఎంత వంగుతుంది? రెండు, తడిస్తే ఏమవుతుంది?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ఎందుకంటే అక్వేరియం ఉన్న చోట తడి లేకుండా ఉండదు. నీళ్లు మార్చేటప్పుడు బకెట్ చిందుతుంది. ఫిల్టర్ పైపు నుంచి చుక్కలు పడతాయి. చేపలు ఎగిరి నీళ్లు చిమ్ముతాయి. ఆ చుక్క గాజు మీంచి జారి, ట్యాంక్‌కీ బల్లకీ మధ్య సందులో చేరుతుంది. అక్కడికి గుడ్డ వెళ్లదు, గాలి వెళ్లదు. ఈ రోజు తడిసింది రేపటికి ఆరదు, ఎల్లుండి మళ్లీ తడుస్తుంది.

టీవీ టేబుల్ ఎందుకు వద్దు

ఆన్‌లైన్‌లో కొనే టీవీ యూనిట్లు, కంప్యూటర్ టేబుళ్లలో ఎక్కువ భాగం పార్టికల్ బోర్డు. చెక్క పొట్టుని జిగురుతో నొక్కి, పైన అందమైన పేపర్ అంటిస్తారు. ఎండీఎఫ్ కూడా ఇదే కుటుంబం, కాకపోతే పొడి ఇంకా సన్నగా ఉంటుంది. పైన నున్నగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. అంచు దగ్గర చిన్న గీత పడి నీళ్లు లోపలికి వెళ్తే ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బింది ఆరినా మామూలు మందానికి రాదు, మరమరాల ఉండలా పొడిపొడిగా రాలిపోతుంది.

తడి లేకపోయినా దీనికి ఇంకో జబ్బు ఉంది. నిలకడగా బరువు మోస్తే కాలం గడిచేకొద్దీ నెమ్మదిగా కుంగుతుంది. ఇంట్లో పుస్తకాల అర మధ్యలో కిందికి వంగి ఉంటుంది చూడండి, అదే. పుస్తకాలకి పర్లేదు. గాజుకి కాదు.

ప్లైవుడ్: పేరు కాదు, ముద్ర చదవండి

షాపులో "వాటర్‌ప్రూఫ్ ప్లై సార్" అనే మాటకి పెద్ద అర్థం లేదు. షీట్ మీద కొట్టిన ముద్ర చూడండి. ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకం ప్లైవుడ్. అందులో ఎంఆర్ గ్రేడ్ కేవలం గాలిలో తేమని తట్టుకుంటుంది, బీడబ్ల్యూఆర్ ఇంకాస్త మెరుగు. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ గ్రేడ్. ఈ ప్లై ముక్కని 72 గంటలు నీళ్లలో మరిగించి, పొరలు విడిపోతాయా లేదా అని పరీక్షిస్తారు. అక్వేరియం కింద పెట్టాల్సింది ఇదే.

ముద్ర నకిలీదేమో అన్న అనుమానం వస్తే ఫోన్ తీయండి. ఐఎస్ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీది, ఏ సరుకుకి ఇచ్చారు, ఇప్పుడు చెల్లుతుందా లేదా అన్నీ వస్తాయి. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. మెరైన్ ప్లైలో ఊడిపోనిది జిగురు. చెక్క మాత్రం చెక్కే, కోసిన అంచు నుంచి నీళ్లు పీలుస్తుంది. కాబట్టి ప్రతి అంచుకీ, ప్రతి రంధ్రానికీ రెండు మూడు కోట్లు పీయూ పాలిష్ గానీ ఎనామెల్ పెయింట్ గానీ పట్టించాలి. పైన మైకా వేసి కింది వైపు ఉత్తగా వదిలేస్తే షీట్ వంకర తిరుగుతుంది. రెండు వైపులా వేయించండి.

అసలు కట్టె

మా వైపు పొలం గట్ల మీద వేప, తుమ్మ ఉంటాయి. పాత ఇళ్ల తలుపులు, దర్వాజలు చూస్తే వేప కట్టె ఎంతకాలం నిలుస్తుందో తెలుస్తుంది. టేకు గురించి చెప్పక్కర్లేదు. దానిలో ఉండే నూనె వల్ల చెదలు, తడి రెండింటినీ తట్టుకుంటుంది.

సమస్య కట్టెతో కాదు, పచ్చి కట్టెతో. సరిగ్గా ఆరని కట్టె మన ఎండాకాలంలో ముడుచుకుంటుంది, వంకర పోతుంది, సందులు పడతాయి. కొత్తగా కోసిన చెట్టు అయితే స్టాండ్‌కి వాడకండి. పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు, దర్వాజలు దొరికితే వదలకండి. అవి ఎప్పుడో ఆరి, ముడుచుకోవాల్సినంత ముడుచుకుని ఉంటాయి.

నేల మీది ఇల్లయితే చెదల సంగతి మర్చిపోవద్దు. తడి ఉన్న చోటికి అవి వెతుక్కుంటూ వస్తాయి. కట్టె కాళ్లు నేరుగా నేలకి తగలకుండా కింద రబ్బరు బుష్ గానీ చిన్న గ్రానైట్ ముక్క గానీ పెట్టండి.

ఇనుము: పైపు సైజు దగ్గరే అంతా ఉంది

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. నాలుగేళ్ల బీటెక్ ఇలాంటప్పుడైనా పనికి రావాలి కదా. లెక్క వేసి చూద్దాం. మన 350 కిలోల ట్యాంక్, 4 అడుగుల పొడవు, ముందొక పైపు, వెనకొక పైపు. నాలుగు మూలల్లో నాలుగు కాళ్లు.

షాపుల్లో చవకగా చేసే స్టాండ్లకి వాడేది ఇంచు పైపు, అంటే 25 బై 25, మందం 1.2 ఎంఎం. ఈ బరువుకి అది మధ్యలో దాదాపు 18 ఎంఎం వంగాలి. నిజానికి అంత దాకా వచ్చేసరికి ఇనుము తట్టుకునే హద్దు దాటిపోతుంది, బరువు తీసేసినా వంకర వంకరగానే ఉంటుంది.

అదే 40 బై 40, మందం 2 ఎంఎం స్క్వేర్ పైపు తీసుకుంటే వంపు 3 ఎంఎం లోపు. ఇక్కడే అసలు కిటుకు. అదే పైపుకి మధ్యలో ముందొకటి, వెనకొకటి ఇంకో రెండు కాళ్లు పెడితే వంపు 0.2 ఎంఎం లోపుకి పడిపోతుంది. ఎందుకంటే కాళ్ల మధ్య దూరం సగమైతే వంపు సగం కాదు, పదహారో వంతు అవుతుంది. రెండు కాళ్ల పైపు ఖర్చు ఎంతని? మీటరు 40 బై 40 పైపు రెండున్నర కిలోల లోపే తూగుతుంది. మొత్తం స్టాండ్ మీద అదొక పెద్ద ఖర్చు కాదు. కాబట్టి వెల్డర్ అన్నతో గట్టిగా చెప్పండి: మూడున్నర అడుగులు దాటితే మధ్యలో కాళ్లు ఉండాల్సిందే.

అల్యూమినియం తుప్పు పట్టదు కదా అంటారు. నిజమే. కానీ అదే సైజు పైపుకి ఇనుముతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు వంగుతుంది. చిన్న ట్యాంక్‌లకి ఓకే, పెద్దవాటికి పైపు సైజు బాగా పెంచాలి. స్టీల్ కావాలంటే 304 గ్రేడ్ అడగండి. 202 గ్రేడ్ చవక, తడి చోట మచ్చలు పడుతుంది.

మామూలు ఇనుమే అయితే తుప్పుని ఆపాలి. వెల్డింగ్ అయ్యాక ఆ మసి, పొక్కులు గ్రైండ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామెల్ రెండు కోట్లు. పైపు చివరలు తెరిచి ఉంటే నీళ్లు లోపలికి చేరి లోపలి నుంచి తినేస్తాయి, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. ప్రతి చివరా చిన్న ప్లేట్ పెట్టి మూసేయించండి. జీఐ పైపు వాడితే వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది. ఆ చోట్ల జింక్ ప్రైమర్ తప్పనిసరి. ఆ జింకు పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. కాబట్టి పని ఆరుబయట జరగాలి, మీరు పక్కన నిలబడి వీడియో తీయకండి.

జవాబు మీ వంటింట్లోనే ఉంది

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. మీ వంటింట్లో గ్యాస్ స్టవ్ పెట్టే గద్దె చూడండి. కింద ఇటుక గోడలు, వాటి మీద కడప బండ, దాని మీద గ్రానైట్. రోజూ నీళ్లు పడతాయి, వేడి తగులుతుంది, రోలు పెట్టి దంచుతారు. ఇరవై ఏళ్లయినా అలాగే ఉంటుంది. వంగదు, ఉబ్బదు, తుప్పు పట్టదు, చెదలు తినవు. మన రెండు ప్రశ్నలకీ ఫుల్ మార్కులు.

సొంత ఇల్లయితే, ముఖ్యంగా మా ఎంకపల్లిలో లాగా నేల మీది ఇల్లయితే, ఇంతకంటే మంచి స్టాండ్ నాకు తెలియదు. పైగా బండ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మొయినాబాద్, చేవెళ్ల దాటి వికారాబాద్ మీదుగా పోతే తాండూరు. మన నేలల మీద పరిచే ఆ బండలు పుట్టేది అక్కడే. షాబాద్ బండ అంటే చేవెళ్ల పక్కన ఉన్న షాబాద్‌ది అనుకుంటారు కొందరు. ఆ పేరు కర్ణాటకలో కలబురగి వైపు ఉన్న షాహాబాద్ నుంచి వచ్చింది. రెండూ సున్నపురాయి జాతే.

బండకి ఒక గుణం ఉంది. పై నుంచి నొక్కితే ఎంతైనా మోస్తుంది, వంచితే మాత్రం విరుగుతుంది. కాబట్టి దాన్ని ఎక్కువ దూరం గాలిలో ఉంచకూడదు. 4 అడుగుల ట్యాంక్‌కి రెండు చివరలా రెండు, మధ్యలో ఒకటి, మొత్తం మూడు అడ్డగోడలు కట్టించండి. వాటి మీద తాండూరు బండ గానీ కడప బండ గానీ పరిచి, పైన గ్రానైట్ సిమెంట్‌తో అతికించాలి. గ్రానైట్ షాపుల్లో సింక్ కోసం కోసేసిన ముక్కలు, మిగిలిన పట్టీలు తక్కువకే ఇస్తారు. మన సైజుకి సరిపోయేవి దొరుకుతాయి, వెతకండి.

కట్టాక తొందరపడొద్దు. ఇటుక పనికి కనీసం వారం క్యూరింగ్, ఆ తర్వాత ఆరడానికి కొన్ని రోజులు. ఇంకో మాట: తాండూరు, కడప బండల మీద యాసిడ్ పడితే తెల్లగా మచ్చ పడుతుంది. ట్యాంక్ కడగడానికి యాసిడ్, వెనిగర్ వాడేవాళ్లు పైన గ్రానైట్ వేసుకోవడానికి అదీ ఒక కారణం.

దీనికి ఉన్న ఒకే లోపం, కదలదు. అద్దె ఇంట్లో కుదరదు. పై అంతస్తులో అయితే ఇటుకల బరువు కూడా స్లాబ్ మీదే పడుతుంది.

ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకి

మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్లలో గదుల స్లాబ్‌ని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడకం బరువుకి డిజైన్ చేస్తారు. మన ట్యాంక్ నిలబడే చోట మాత్రం చదరపు మీటరుకి 600 కిలోల పైనే పడుతుంది. అంటే స్లాబ్ కూలుతుందని కాదు. ఆ 200 గది మొత్తానికీ వేసిన లెక్క. కానీ గది నడిమధ్యలో పెట్టకండి. గోడ పక్కన, కింద బీమ్ ఉన్న చోట పెట్టండి. 4 అడుగులు దాటిన ట్యాంక్ అయితే ఒక సివిల్ ఇంజనీర్‌కి చూపించి పెట్టండి. మన బ్యాచ్‌లో ఎవడో ఒకడు సివిల్ ఉండకపోడు.

బోల్టు మీద కాదు, కాలు మీద

మెటీరియల్ ఎంత మంచిదైనా జాయింట్ తప్పయితే అంతా వేస్ట్. రూల్ ఒక్కటే: పైబల్ల కాళ్ల మీద కూర్చోవాలి, కాళ్ల మధ్య వేలాడకూడదు. బల్లని కాళ్లకి పక్క నుంచి స్క్రూలు కొట్టి నిలబెడితే 350 కిలోలూ ఆ నాలుగు స్క్రూల మీదే. కాలు నేరుగా పైబల్ల కింద ఉంటే స్క్రూ పని పట్టి ఉంచడం వరకే, మోసేది కాలు. నల్లటి డ్రైవాల్ స్క్రూలు పెళుసు, తుప్పు కూడా తొందరగా పడతాయి. జింకు పూత ఉన్నవి గానీ స్టీల్‌వి గానీ అడగండి.

పక్కకి ఊగడం ఇంకో ప్రమాదం. వెనక వైపు ఒక ప్లై షీట్ గానీ, ఐమూలగా ఒక పట్టీ గానీ కొట్టిస్తే ఊగదు. చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో వెనక గోడకి రెండు ఎల్ క్లాంపులు కూడా వేయండి. పిల్లలకి అది నిచ్చెనలాగే కనిపిస్తుంది.

చేపల కంటే ముందు నీళ్లు

స్టాండ్ వచ్చింది. ఇప్పుడు రసమట్టం పెట్టి పొడవునా, వెడల్పునా, ఐమూలగా చూడండి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు అయితే ఇంకా మంచిది. తేడా ఉంటే సరిచేయాల్సింది కాళ్ల కింద. ట్యాంక్ కింద అట్టముక్కలు దోపడం మాత్రం చేయకండి, బరువంతా ఆ ముక్క మీదే పడి అక్కడే పగులుతుంది.

అడుగు గాజు నేరుగా బల్లకి ఆనే ట్యాంక్ అయితే మధ్యలో 10 ఎంఎం థర్మాకోల్ గానీ ఫోమ్ షీట్ గానీ పరచండి, చిన్న చిన్న ఎత్తుపల్లాలు అది మింగేస్తుంది. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద నిలబడి, అడుగు గాజు పైకి ఉండే రకానికి ఇది వద్దు.

తర్వాత లోడ్ టెస్టింగ్. సగం నింపి కొన్ని గంటలు ఆగి, మళ్లీ లెవెల్ చూడండి. పూర్తిగా నింపి రెండు రోజులు వదిలేయండి. మూలల్లో పొడి టిష్యూ పెట్టి ఉంచితే చిన్న కారుడు కూడా తెలిసిపోతుంది. చేపలు ఆ తర్వాతే. ప్లగ్ బోర్డు ట్యాంక్ కింద కాకుండా పక్కకి, ఎత్తులో ఉండాలి. వైరు ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిరిగి వెళ్లాలి, అప్పుడు వైరు మీద జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

చివరిగా, ఎవరికి ఏది?

సొంత ఇల్లు, కింది అంతస్తు: ఇటుక గోడలు, బండ, పైన గ్రానైట్. ఇంకో ఆలోచన వద్దు.

అద్దె ఇల్లు, ఫ్లాట్: 40 బై 40 ఇనుప ఫ్రేమ్, మధ్యలో కాళ్లు, పైన 18 ఎంఎం ఐఎస్ 710 ప్లై. ఇల్లు మారితే లారీలో ఎక్కించుకుపోవచ్చు.

రెండడుగుల ట్యాంక్, తక్కువ బడ్జెట్: గట్టి పాత టేకు బల్ల, అంచులకి పాలిష్. టీవీ టేబుల్ మాత్రం టీవీకే.

మూడడుగుల ట్యాంక్‌కే డబ్బులున్నాయి, స్టాండ్‌కి చాలట్లేదు అంటే రెండడుగుల ట్యాంక్ కొని, మిగిలింది స్టాండ్ మీద పెట్టండి. ట్యాంక్ రేపు మార్చొచ్చు, ఫిల్టర్ మార్చొచ్చు. నీళ్లు నిండిన ట్యాంక్ కింద నుంచి స్టాండ్ మార్చడం మాత్రం ఎవరి వల్లా కాదు.